ముల్లే మూత

అనంతపురంలో ఒక సైకిల్ షాపు ఉండేది. రేకుల పందిరి, గోడకు వేలాడే పాత టైర్లు, ముందొక ఇనప తొట్టి, అందులో నల్లబడిన నీళ్ళు. ఆ తొట్టి పక్కన కూర్చుని నలభై ఏళ్ళు పంక్చర్లు వేసిన మనిషికి ఇద్దరు కొడుకులు. ఆయన పోయిన ఏడాదికి పెద్దవాడు షాపు అమ్మేశాడు. చిన్నవాడు అప్పటికి హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. అమ్మిన సంగతి అతనికి పక్కింటివాళ్ళు ఫోన్ చేస్తే తెలిసింది.

చిన్నవాడు అడగలేదు. పెద్దవాడు చెప్పలేదు. పండక్కి తమ్ముడు ఇంటికొచ్చేవాడు, వదిన వడ్డిస్తే తినేవాడు, పిల్లలకు బట్టలు తెచ్చేవాడు. రెండు రోజులు ఇల్లంతా నవ్వులే. మూడో రోజుకు మాటలు పలచబడేవి. మళ్ళీ పండగ వచ్చేదాకా ఫోన్‌లో ‘బాగున్నారా’ అంటే ‘బాగున్నాం’ అనుకోవడమే.

ఇద్దరికీ సైకిలంటే ప్రాణం. దేశంలో వాన బాగా తక్కువ పడే చోట్లలో జైసల్మేర్ ఒకటి, మన అనంతపురమూ అలాంటిదే అని బడిలో అయ్యవారు చెప్పిన రోజునుంచీ జైసల్మేర్ పేరు ఇద్దరి మనసులోనూ ఉండిపోయింది. ఒక ఫిబ్రవరిలో తమ్ముడే అడిగాడు, “పోదామా అన్నా?” అని. “పోదాం పా” అన్నాడు అన్న. పది రోజులు కలిసి తొక్కితే అన్నీ అవే సర్దుకుంటాయని ఇద్దరూ ఎవరికివారు అనుకున్నారు.

జోధ్‌పూర్‌లో రైలు దిగి, పోఖరాన్ మీదుగా జైసల్మేర్ చేరారు. అక్కణ్ణుంచి సరిహద్దు దగ్గరున్న తనోట్ మాత గుడి దాకా వెళ్ళి రావాలని వాళ్ళ ఆలోచన. సుమారు 120 కిలోమీటర్ల దారి. సగం దూరంలో రామ్‌గఢ్ అనే చిన్న ఊరుంది. మొదటి రోజు సాయంత్రానికి అక్కడికి చేరి పడుకున్నారు. జైసల్మేర్ దాటగానే దారి పక్కన వరసగా గాలిమరలు కనిపించాయి. “ఇన్ని మరలు ఊరికే పెట్టలేదురా. ఇది గాలి కాపురముండే చోటు” అన్నాడు అన్న. తమ్ముడు నవ్వేసి ముందుకు తొక్కాడు. ఆ రోజు అన్న చక్రంలో ట్యూబు వాల్వు దగ్గర చిరిగింది. ఉన్న ఒక్క కొత్త ట్యూబూ దానికి వేసేశారు. ఇక చేతిలో మిగిలింది ఆరు ప్యాచీలు, సగం వాడిన సొల్యూషన్ గొట్టం, ఒక చేతి పంపు.

రెండో రోజు పొద్దు పొడుస్తుండగానే బయల్దేరారు. రామ్‌గఢ్ నుంచి తనోట్ సుమారు 55 కిలోమీటర్లు. మనిషికి నాలుగు లీటర్ల నీళ్ళు. తారు రోడ్డు నున్నగా ఉంది. గాలి ఇంకా లేవలేదు. “పదకొండు కల్లా గుళ్ళో ఉంటాం” అన్నాడు తమ్ముడు.

పది కిలోమీటర్లు వెళ్ళాక ఎదురుగా మిలటరీ లారీలు వచ్చాయి. తమ్ముడు రోడ్డు దిగి పక్కనున్న ఇసుకలోకి తిప్పాడు. లారీలు పోయాక మళ్ళీ ఎక్కి కాస్త దూరం వెళ్ళేసరికి వెనక చక్రం నుంచి టిక్ టిక్‌మని చప్పుడు. దిగి చూస్తే టైరుకు పల్లేరు కాయ గుచ్చుకుని ఉంది.

పల్లేరు కాయ అనంతపురం పిల్లలకు కొత్త కాదు. ఎండితే అయిదు పలుకులుగా విడిపోతుంది. ఒక్కో పలుక్కి రెండు పెద్ద ముళ్ళు, రెండు చిన్నవి. నేలమీద ఎటు పడ్డా ఒక ముల్లు పైకే చూస్తుంది. వాళ్ళ నాన్న తొట్టి దగ్గరికి వచ్చే సైకిళ్ళలో సగం దాని పుణ్యమే.

“తీసేద్దాంరా. పావుగంట పని” అన్నాడు అన్న.

“తీస్తే గాలంతా పోతుంది. ఇప్పుడు ముల్లే రంధ్రానికి మూతగా ఉంది. కాస్త కాస్త పోతే కొట్టుకుంటూ పోదాం. గాలి లేవకముందే సగం దూరం దాటాలి.”

తమ్ముడు చెప్పింది అబద్ధం కాదు. పల్లేరు ముల్లు గుచ్చుకున్న ట్యూబు ఒక్కసారిగా దిగిపోదు. ముల్లు ఉన్నంతసేపూ రంధ్రాన్ని అదే బిగించి పట్టుకుంటుంది. పీకామా, ఉన్న గాలి కూడా బుస్సుమంటూ పోతుంది. తమ్ముడు పైకి కనిపిస్తున్న ముక్కను గోటితో విరిచేశాడు. చప్పుడు ఆగింది. మొన మాత్రం లోపలే ఉండిపోయింది. అన్న ఇంకేదో అనబోయి, ఊరుకున్నాడు. షాపు అమ్మినప్పటినుంచీ తమ్ముడితో గట్టిగా మాట్లాడే హక్కు తనకు లేదన్నట్టే ఉండేవాడు.

పదిహేడో కిలోమీటరు దగ్గర వెనక చక్రం మెత్తబడింది. దిగి పంపు కొట్టారు. అరచెయ్యంత పంపు అది, రెండు వందల సార్లు తోస్తే గానీ చక్రం గట్టిపడదు. ఇరవై రెండో కిలోమీటరు దగ్గర మళ్ళీ కొట్టారు. అప్పటికి గాలి లేచింది. వాయవ్యం నుంచి, సూటిగా ముఖం మీదికి. ఇసుక రోడ్డు మీద పాముల్లా పాకుతూ వచ్చి కాళ్ళకు కొట్టుకుంటోంది. పొద్దున గంటకు పద్దెనిమిది కిలోమీటర్లు పోయిన సైకిళ్ళు ఎనిమిదికి దిగాయి. ఎదురుగాలిలో తొక్కడం గట్టు ఎక్కడం లాంటిదే. కాకపోతే గట్టుకు కొస కనిపిస్తుంది, ఆగితే ఊపిరి తీసుకోవచ్చు. గాలికి ఆ దయ కూడా లేదు.

ఇరవై ఆరు దగ్గర ఒకసారి, ఇరవై తొమ్మిది దగ్గర ఒకసారి, ముప్పై ఒకటి దగ్గర ఒకసారి పంపు కొట్టారు. ఆగినప్పుడల్లా రెండు వందల తోపులు, రెండు గుక్కల నీళ్ళు. చేతులు బొబ్బలెక్కాయి. తమ్ముడి పెదవులు పగిలి ఉప్పగా అయ్యాయి. ప్రతిసారీ ‘ఇదే ఆఖరు, ఈసారి నిలుస్తుంది’ అనుకున్నాడు. కొట్టేకొద్దీ ఆగే దూరం తగ్గుతోందని చూస్తూనే ఉన్నాడు. అయినా దిగి చక్రం విప్పడానికి మనసొప్పలేదు. ఇంత కష్టపడ్డాక ఇప్పుడు విప్పితే పడ్డ కష్టమంతా వృథా అయిపోతుందనిపించింది. పొద్దున ఆగకపోవడానికి తొందర కారణం, ఇప్పుడు ఆగకపోవడానికి పడిన శ్రమే కారణం.

ముప్పై మూడో కిలోమీటరు దగ్గర రోడ్డుకు అడ్డంగా ఇసుక మేట వేసింది. దాన్ని తప్పించి అంచుమీదుగా పోతుంటే, సగం దిగిన చక్రం కింద రాయి పడింది. టక్‌మంది. రిమ్ముకూ రాయికీ మధ్య ట్యూబు నలిగిపోయింది. మూడు అడుగులు పోయేసరికి టైరు అప్పచ్చిలా నేలకు అతుక్కుంది.

ఒంటిగంట దాటింది. ఇంకా ఇరవై రెండు కిలోమీటర్లు. తమ్ముడి సీసాలన్నీ ఖాళీ. అన్న సీసాలో అడుగున నాలుగు గుక్కలు. కనుచూపు మేరలో ఒకే ఒక చెట్టు. సైకిళ్ళు తోసుకుంటూ దాని కిందికి చేరారు. జమ్మి చెట్టు. దసరాకు మనం మొక్కే జమ్మే అక్కడ ఖేజ్రీ. రాజస్థాన్‌కూ తెలంగాణకూ రాష్ట్ర వృక్షం అదే. చలికాలంలో మేత కోసం కొమ్మలు కొట్టేసినట్టున్నారు, నీడ చేటంతే ఉంది. తమ్ముడు ఆ నీడలో తల మాత్రం పెట్టి పడుకున్నాడు. అన్న తన సీసా తమ్ముడి చేతిలో పెట్టాడు.

“నువ్వు తాగన్నా.”

“తాగినాలే.”

తాగలేదని ఇద్దరికీ తెలుసు.

కాసేపటికి గంటల చప్పుడు వినిపించింది. మేకల మంద, వెనక తలపాగా చుట్టుకున్న ఒక ముసలాయన. దగ్గరికి వచ్చి, ఏమీ అడక్కుండానే భుజానికి వేలాడుతున్న నీళ్ళ తిత్తి విప్పి చెరో నాలుగు గుక్కలు పోశాడు. చుక్క కింద పడనివ్వలేదు. నెయ్యి ఒలికితే బాధ లేదు గానీ నీళ్ళు ఒలికితే గుండె మండుతుందని మార్వాడ్‌లో సామెత. ఆయన పోసే తీరు చూస్తే ఆ సామెత ఎక్కడ పుట్టిందో తెలుస్తుంది.

“ఏమైంది బేటా?” అన్నాడు. తమ్ముడు హిందీలో చెప్పాడు. పొద్దున ముల్లు గుచ్చుకోవడం, తీస్తే గాలి పోతుందని ఉంచేయడం, అయిదుసార్లు పంపు కొట్టడం, ఇంతసేపు ఎదురుగాలితో పోరాడడం. చెబుతుంటే తను పడిన కష్టం తనకే గొప్పగా అనిపించింది.

ముసలాయన ఓపిగ్గా విన్నాడు. తర్వాత మందలోంచి ఒక మేకను కాలు పట్టుకుని దగ్గరికి లాగాడు. గిట్ట పైకెత్తి, చీలిక మధ్య బొటనవేలితో తడిమి, చిన్న ముల్లు పీకాడు. మేక గట్టిగా అరిచింది. రక్తపు చుక్క కనిపించింది. అక్కడ ఇంత మట్టి అద్ది వదిలేశాడు. అది రెండడుగులు కుంటి, మూడో అడుగుకు మామూలుగా నడిచింది.

“మేక కుంటితే మేం ముందు గిట్ట చూస్తాం బేటా” అన్నాడు. “చూడకుండా కొట్టి నడిపిస్తే నడుస్తుంది. మధ్యాహ్నం దాకా నడుస్తుంది. సాయంత్రానికి దాన్ని భుజాన మోయాలి. నువ్వు పొద్దుటినుంచీ దీన్ని కొట్టే నడిపించావు.”

గాలి కొట్టడమూ కొట్టడమేనని తమ్ముడికి అప్పుడు తట్టింది. పక్కన పడి ఉన్న పంపు వంక చూసి, తల దించుకున్నాడు.

అన్న అప్పటికే చక్రం విప్పుతున్నాడు. టైరు ఒక పక్క ఊడదీసి, ట్యూబు బయటికి లాగాడు. ముందు ట్యూబు జోలికి పోలేదు. టైరు లోపల, అంచునుంచి అంచుకు, నాలుగు వేళ్ళూ ఆనించి మెల్లగా తిప్పుతూ వచ్చాడు. నాన్న చేసినట్టే. ఒకచోట వేలు ఆగింది. తమ్ముడి వేలు తీసుకుని అక్కడ పెట్టాడు. లోపలివైపు బియ్యపు గింజలో సగమంత మొన గరుగ్గా తగిలింది. ఉదయం గోటితో విరిచేసిన ముల్లు మిగతా భాగం అది. దాని ఎదురుగా ట్యూబుమీద రంధ్రం ఒకటి కాదు, నాలుగు. చక్రం తిరిగినప్పుడల్లా, గాలి తగ్గినప్పుడల్లా ట్యూబు కాస్త కాస్త జరిగి, ఆ మొన కొత్తచోట పొడుస్తూనే ఉంది. రాతికి నలిగినచోట ఇంకో రెండు, పక్కపక్కనే. మొత్తం ఆరు. ప్యాచీలూ ఆరే.

రంధ్రాలన్నీ దొరకడానికి నాన్న తొట్టి లేదు, ముంచి చూడడానికి నీళ్ళూ లేవు. అన్న ముందు టైరులోని మొన పీకేసి, ట్యూబులో గాలి నింపి తడి పెదవికి దగ్గరగా తిప్పుతూ పోయాడు. సన్నటి గాలి చల్లగా తగిలినచోటల్లా ఆగి, తమ్ముడి చేత పెన్నుతో గుర్తు పెట్టించాడు. గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ పూసి, అది ఆరేదాకా ఊది, ప్యాచీ వేసి, బొటనవేలితో అదిమిపట్టాడు. ఆఖరి ప్యాచీకి గొట్టం మూతికి అంటిన సొల్యూషన్ గీరి పూయాల్సి వచ్చింది. పొద్దున ఒక్క ప్యాచీతో పోయే పని.

వాళ్ళు పని చేస్తున్నంతసేపూ ముసలాయన మేకల్ని చూసుకుంటూ అక్కడే ఉన్నాడు. అయ్యాక, “నీళ్ళు నింపుకుని పొండి” అని ఒక ఇసుక దిబ్బ వెనక్కి తీసుకెళ్ళాడు. అక్కడ మూతపెట్టిన సన్నటి బావి. మనిషి దూరేంత ఇరుకు. కుంయి అంటారట. చిన్న తోలు చేదను దించి, చాలాసేపటికి పైకి తీశాడు. అందులో అరచేదే నీళ్ళు. తియ్యగా ఉన్నాయి.

“ఇంకా లోతుకు తవ్వితే ఎక్కువ వస్తాయి కదా బాబా?” అని తమ్ముడు అడిగాడు.

ముసలాయన తల అడ్డంగా ఊపాడు. ఆ ఇసుక కింద సున్నపురాయిలాంటి తెల్లటి పొర ఒకటుంది. పడిన కాస్త వాన ఇసుకలోకి ఇంకి, ఆ పొరమీద చెమ్మగా నిలుస్తుంది. బావి ఆ పొర దాకానే తవ్వుతారు. చుట్టూ ఉన్న చెమ్మ చుక్కచుక్కగా ఊరి, రోజుకు రెండు మూడు కుండలవుతుంది. “పొర పగలగొట్టి కిందికి పోతే నీళ్ళు బోలెడు. అన్నీ ఉప్పే. ఉన్న తియ్యటి చెమ్మ కూడా ఆ ఉప్పులో కలిసి పోతుంది. మా తాతలు బలం లేక ఇక్కడ ఆగలేదు. ఎక్కడ ఆగాలో చూసి ఆగారు.”

నాలుగు గంటలకు మళ్ళీ రోడ్డెక్కారు. పొద్దు వాలేకొద్దీ గాలి తగ్గింది. చక్రం గట్టిగానే ఉంది. మొదటిసారి ఇద్దరూ పక్కపక్కన తొక్కారు. చాలాసేపటికి తమ్ముడు ఎదురుగా చూస్తూనే అడిగాడు.

“షాపు అమ్మేటప్పుడు నాకెందుకు చెప్పలేదన్నా?”

అన్న పెడల్ తొక్కడం ఆపాడు. సైకిల్ దానంతటదే కొంతదూరం పోయింది.

“చెప్తే వద్దంటావని భయపడినా. నువ్వు వద్దంటే నేను అమ్మలేను. అమ్మకపోతే అప్పు తీరదు.”

“అప్పుందని కూడా చెప్పలేదు.”

“చెప్పలేదు. తప్పే.”

ఆ మాటకు తమ్ముడికి కోపం తగ్గలేదు, పెరిగింది. మూడేళ్ళుగా లోపల అణచిపెట్టిందంతా ఒక్కసారిగా బయటికొచ్చింది. నాన్న తొట్టి ఏమైందని అరిచాడు. అన్న అన్నీ విన్నాడు. తొట్టి ఇంట్లోనే ఉందనీ, పెరట్లో తులసి చెట్టు పక్కన పెట్టాననీ చెప్పాడు. తమ్ముడు సైకిల్ ఆపి, హ్యాండిల్ మీద తల ఆనించి ఏడ్చాడు. అన్న దిగి పక్కన నిలబడ్డాడు. ఓదార్చలేదు, తొందరపెట్టలేదు. ప్యాచీ అతుక్కునేదాకా అదిమిపట్టినట్టు భుజం మీద చెయ్యి వేసి ఉంచాడంతే.

సరిహద్దు జవాన్లు హారతిచ్చే వేళకు తనోట్ చేరారు. గుడి ముందు సైకిలు ఆనించి తమ్ముడు వంగి వెనక చక్రం నొక్కి చూశాడు. రాయిలా ఉంది.

*

నీతి:

కష్టపడడం వేరు, కారణం వెతకడం వేరు. మొదటిది చేస్తున్నామన్న తృప్తి రెండోది చెయ్యనివ్వదు.

మనలో సోమరులు తక్కువ. ఎక్కువమందిమి ఈ తమ్ముడిలాంటివాళ్ళమే. ముల్లు కనిపిస్తుంది, పైకి తేలిన ముక్క విరిచేస్తాం, చప్పుడు ఆగగానే బాగైపోయిందనుకుంటాం. ఆ తర్వాత రోజూ గాలి కొడతాం. బోర్డుమీద అక్షరాలు కనబడని పిల్లవాడికి కళ్ళు చూపించకుండా రెండో ట్యూషన్ పెట్టిస్తాం. ఒక అప్పు వడ్డీ కట్టడానికి ఇంకో అప్పు చేస్తాం. మా అనంతపురం పొలాల్లో ఒక బోరు ఎండితే ఇంకొంచెం లోతుకు ఇంకొకటి వేస్తాం, అదీ ఎండితే ఇంకా లోతుకు. చెరువు పూడిపోయిందన్న ముల్లు అట్లాగే ఉంటుంది. అన్నిటిలోనూ చెమట నిజమే, బొబ్బలు నిజమే. అందుకే అది వృథా శ్రమ అని ఒప్పుకోవడానికి మనసు రాదు. కొట్టేకొద్దీ ఆగే దూరం తగ్గుతోందంటే ఇక కొట్టాల్సింది పంపు కాదని తెలుసుకోవాలి.

మనం ముల్లు ఎందుకు తీయం? అది గుచ్చుకుంటున్నా, రంధ్రానికి మూత కూడా అదే కాబట్టి. తీస్తే ఉన్న కాస్త గాలీ పోతుందని భయం. అడగని ప్రశ్న అన్నదమ్ముల మధ్య మూడేళ్ళు అట్లాగే నిలిచింది. ఆ మౌనం గుచ్చుతూనే ఉంది, పండగ నవ్వుల్ని నిలబెడుతూనూ ఉంది. అడిగిన రోజున నవ్వులు పోయాయి, కోపం వచ్చింది, ఏడుపు వచ్చింది. మేక కూడా అరిచింది. ముల్లు తీసిన మరుక్షణం తియ్యకముందుకంటే అధ్వాన్నంగానే ఉంటుంది. ఆ క్షణానికి భయపడి వెనక్కి తగ్గినవాళ్ళు దారి పొడవునా పంపు కొడుతూనే ఉంటారు. ఆ క్షణం దాటినవాళ్ళకే ప్యాచీ అతుకుతుంది.

ఇంకొక్క మాట. ట్యూబుకు ప్యాచీ వేసి టైరులో ముల్లు వదిలేస్తే వేసినదంతా దండగ. క్షమాపణ చెప్పుకోవడం, సర్దుకుపోవడం, మళ్ళీ కలిసి భోంచెయ్యడం, ఇవన్నీ ట్యూబుకు వేసే ప్యాచీలు. మంచివే, కావలసినవే. వాటికంటే ముందు టైరు లోపల వేళ్ళు పెట్టి తడమాలి. వేలికి గుచ్చుకుంటుంది. గుచ్చుకున్నచోటే వెతుకుతున్నది దొరుకుతుంది.

ఎడారిలో దూరం పోవాలంటే కాళ్ళలో బలం కావాలి. బలమున్నవాడికి ఆగడం కష్టం. సాయంత్రం భుజాన మోయాల్సి రాకూడదనుకుంటే, కుంటు కనిపించిన చోటే ఆగి గిట్ట చూడాలి.